నోటీసు పీరియడ్‌లో ఆడిన మ్యాచ్

ఎన్ఎఫ్ఎల్‌లో ఆగస్టు మ్యాచ్‌లని ఎవరూ సీరియస్‌గా చూడరు. గెలిచినా లెక్కలోకి రాదు, ఓడినా పోయేదేం లేదు. పెద్ద పెద్ద స్టార్లు టోపీలు పెట్టుకుని గీత పక్కన నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. టిక్కెట్లు చవక. ఇవన్నీ తెలిసే 2023 ఆగస్టు 26 సాయంత్రం నేనూ మా లీడూ ఇర్వింగ్ నుంచి ఆర్లింగ్టన్ వెళ్ళాం. డాలస్ కౌబాయ్స్‌కీ లాస్ వేగాస్ రైడర్స్‌కీ చివరి ప్రీసీజన్ మ్యాచ్. అప్పటికి మా లీడ్‌కి ఆఫీసులో ఇంకా ఐదు పనిరోజులు మిగిలున్నాయి.

ఆయన్ని ఆఫీసులో పేరుపెట్టి పిలిచేవాణ్ణి. ఇక్కడ సీఈఓని కూడా అలాగే పిలవాలి కాబట్టి తప్పదు. కార్లో కూర్చోగానే మాత్రం "అన్నా". ఖమ్మం వైపు మనిషి. పదిహేనేళ్ళుగా ఇక్కడే, వ్యాలీ రాంచ్‌లో. డాలస్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, సాయంత్రంపూట అక్కడ నడకకి వెళ్తే చెవినపడేది సగం తెలుగే. 2016 దాకా కౌబాయ్స్ ఆఫీసూ, ప్రాక్టీసు మైదానమూ అక్కడే ఉండేవి. కౌబాయ్స్ పార్క్‌వే అని రోడ్డు కూడా ఉంది. ఆయనకి ఆ పిచ్చి అలా అంటుకుంది, ఆయన్నుంచి నాకు అంటుకుంది.

ఆయన నేర్పిన మొదటి పాఠం, ఆగస్టులో స్కోరు చూడొద్దు, ఆడేది ఎవరో చూడు అని. శిక్షణ శిబిరానికి ప్రతి జట్టూ 90 మందిని తీసుకెళ్తుంది. సీజన్ మొదలయ్యేటప్పటికి 53 మందే మిగలాలి. 2016లో ఈ కోత రెండు విడతల్లో పడేది, ముందు 75కి, తర్వాత 53కి. 2017లో దాన్ని ఒక్క వేటుకి మార్చారు. 32 జట్లు, జట్టుకి 37 మంది. గుణించి చూసుకోండి, 1184. అంతమంది ఇంచుమించు ఒకటి రెండు రోజుల్లో ఉద్యోగం పోగొట్టుకుంటారు. మనకైతే హెచ్చార్ నుంచి పదిహేను నిమిషాల మీటింగ్ ఇన్వైట్ వస్తుంది. వాళ్ళకి ఒక మనిషి వచ్చి "కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ పట్టుకురా" అంటాడు. ఆ మనిషిని 'టర్క్' అంటారట. ప్లేబుక్ తెమ్మన్నారంటే లాప్‌టాప్ అప్పజెప్పమన్నట్టే. తీసేసినవాళ్ళలో కొందరిని వేరే జట్లు పట్టుకుపోతాయి, కొందరు ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి వస్తారు. అంటే మన బెంచి అన్నమాట. కాకపోతే వాళ్ళకి బెంచి మీద ఉన్నా జీతం వస్తుంది :)

దెబ్బ తగిలినవాడి సంగతి వేరు. గాయంతో ఉన్నవాణ్ణి ఊరికే బయటికి నెట్టేయడానికి లేదు. ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లో పెట్టాలి, లేదా ఇన్ని వారాల జీతం అని సెటిల్ చేసుకుని పంపించాలి. కానీ ఒకడి గాయం ఇంకొకడికి దారి అవుతుంది కదా, అసలు కథంతా అక్కడే. ఒక్కోసారి అది కూడా కాదు. 2019 ప్రపంచకప్‌కి మన రాయుడు స్టాండ్‌బై. ధావన్‌కి దెబ్బ తగిలితే పంత్‌ని పిలిచారు, విజయ్ శంకర్‌కి తగిలితే మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. రాయుడు రిటైర్మెంట్ ప్రకటించేశాడు. ఆ రోజు మా రూములో జరిగిన గొడవ గురించి రాయాలంటే ఇంకో టపా అవుతుంది.

సరే, మ్యాచ్‌కి వద్దాం. ఆ రాత్రి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది విల్ గ్రియర్, జట్టులో మూడోవాడు. ముందు రోజే, శుక్రవారం, కౌబాయ్స్ వాళ్ళు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ట్రే లాన్స్‌ని తెచ్చుకున్నారు. 2021 డ్రాఫ్ట్‌లో మూడో నంబరు కుర్రాడు, నాలుగో రౌండ్ పిక్‌కి బేరం కుదిరింది. లాన్స్ వచ్చాడంటే గ్రియర్ కుర్చీ పోయినట్టే. ఆ సంగతి గ్రియర్‌కి తెలుసు. స్టేడియంలో మాకు తెలుసు. అయినా మ్యాచంతా ఆయనే ఆడాడు. 35 పాస్‌లు వేస్తే 29 అందాయి, 305 గజాలు, రెండు టచ్‌డౌన్లు. తనే పరిగెత్తి ఇంకో రెండు. 31-16తో గెలిచారు. ఆ మ్యాచ్‌లో ప్లేలు చెప్పే పని కోచ్ మెకార్తీ డాక్ ప్రెస్కాట్‌కి అప్పగించాడు. అంటే జట్టు అసలు క్వార్టర్‌బ్యాక్ గీత పక్కన నిలబడి, పోబోతున్నవాడికి ప్లేలు చెబుతున్నాడు. మంగళవారం గ్రియర్‌ని తీసేశారు. తర్వాత సిన్సినాటి వాళ్ళు ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తీసుకున్నారు.

మా అన్న మాత్రం రోమో జెర్సీ వేసుకొచ్చాడు, 9వ నంబరు. మాట్లాడిందీ ఎక్కువ రోమో గురించే.

టోనీ రోమోని 2003 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఈస్టర్న్ ఇల్లినాయ్ అనే చిన్న కాలేజీ. 2004 ఆగస్టులో శిబిరం నడుస్తుండగా క్వార్టర్‌బ్యాక్ క్విన్సీ కార్టర్‌ని జట్టు ఉన్నట్టుండి తీసేసింది. అలా ఖాళీ అయిన చోట రోమో మూడోవాడిగా నిలబడ్డాడు. అది జరక్కపోతే రోమో పేరు కూడా ఆ ఏటి కోతలో కలిసిపోయేదేమో. 2006 అక్టోబర్‌లో జెయింట్స్ మీద మ్యాచ్‌లో సగం అయ్యాక డ్రూ బ్లెడ్సోని కూర్చోబెట్టి రోమోని దింపారు. బ్లెడ్సో కుర్చీ మళ్ళీ దొరకలేదు. ఆ బ్లెడ్సో ఎవరనుకున్నారు? 2001లో న్యూ ఇంగ్లండ్‌లో దెబ్బ తగిలి పడిపోతే, బదులుగా టామ్ బ్రేడీ అనే కుర్రాడు వచ్చాడు. పాపం బ్లెడ్సో, రెండు ఊళ్ళలో రెండుసార్లు.

ఇక 2016. అప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను, ఫుట్‌బాల్ అంటే సాకరే అనుకునే రోజులు. కాబట్టి ఇది మా అన్న చెప్పగా విని, తర్వాత వీడియోలు చూసి తెలుసుకున్నది. అంతకుముందు ఏడాది రోమో ఎడమ కాలర్‌బోన్ రెండుసార్లు విరిగింది, నాలుగే మ్యాచ్‌లు ఆడాడు, జట్టు 4 గెలిచి 12 ఓడింది. అందుకని డ్రాఫ్ట్‌లో ఒక కుర్రాణ్ణి తెచ్చి పెట్టుకుందామనుకున్నారు. మొదట పాక్స్టన్ లించ్ కోసం ప్రయత్నించారు, డెన్వర్ ఎగరేసుకుపోయింది. తర్వాత కానర్ కుక్, ఓక్లండ్ ముందుకొచ్చి తీసుకుంది. ఇక నాలుగో రౌండ్ చివర్న, 135వ నంబరుగా డాక్ ప్రెస్కాట్‌ని తీసుకున్నారు. అంటే మూడో ఛాయిస్.

ఆగస్టు 2న శిబిరంలో రెండో క్వార్టర్‌బ్యాక్ కెల్లెన్ మూర్ కాలి ఎముక విరిగింది. ప్రెస్కాట్ ఒక మెట్టెక్కాడు. ఆగస్టు 25న సియాటిల్‌లో మూడో ప్రీసీజన్ మ్యాచ్. అప్పట్లో నాలుగు ఉండేవి, మూడోది డ్రెస్ రిహార్సల్ లాంటిది, అసలు ఆటగాళ్ళు అందులోనే కాస్త ఎక్కువసేపు ఆడేవారు. మూడో ప్లేలోనే రోమో బంతి పట్టుకుని పరిగెత్తబోయి జారాడు, వెనక నుంచి క్లిఫ్ ఆవ్రిల్ వచ్చి మీద పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. ప్రెస్కాట్ లోపలికొచ్చాడు. ఆ ప్రీసీజన్‌లో మొదటి మూడు మ్యాచ్‌లూ కలిపి 50 పాస్‌లకి 39, 454 గజాలు, ఐదు టచ్‌డౌన్లు, ఒక్కటీ ప్రత్యర్థి చేతికి చిక్కలేదు. రోమోని మాత్రం ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లో పెట్టలేదు, 53లోనే ఉంచారు. వస్తాడనే నమ్మకం. సెప్టెంబర్ 3న డెన్వర్ వదిలేసిన మార్క్ సాంచెజ్‌ని బ్యాకప్‌గా తెచ్చుకున్నారు. మొదటి మ్యాచ్ ఒక్క పాయింటుతో ఓడి, ఆ తర్వాత వరసగా పదకొండు గెలిచారు.

"రోమో కుర్చీ సియాటిల్‌లో పోలేదురా" అనేవాడు మా అన్న. "నవంబర్‌లో పోయింది. వెన్ను నయమయ్యాక పోయింది." నిజమే. నవంబర్ మధ్యకి రోమో ఆడటానికి తయారు. జట్టు అప్పటికి 8 గెలిచి 1 ఓడింది. నవంబర్ 15న రోమో విలేకరుల ముందుకొచ్చి, కాగితం మీద రాసుకొచ్చింది చదివి, ఆ కుర్చీని ప్రెస్కాట్ సంపాదించుకున్నాడని చెప్పి, ప్రశ్నలు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో కాసేపు ఆడి ఒక టచ్‌డౌన్ వేశాడు, 2017 ఏప్రిల్‌లో ఆట మానేసి సీబీఎస్‌లో కామెంటరీకి వెళ్ళాడు.

ఆ వీడియో నేను మొదటిసారి చూసినప్పుడు "అబ్బ, ఎంత హుందాగా చెప్పాడో" అనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు అలా అనిపించలేదు. రెండోసారి చూసింది 2023 జూలైలో.

ఏం జరిగిందంటే, ఆ జనవరిలో వాళ్ళమ్మగారికి ఆపరేషన్ అని మా అన్న ఇండియా వెళ్ళాడు. మూడు వారాల సెలవు. పనిలో పని స్టాంపింగ్ కూడా అయిపోతుందనుకున్నాడు. 221 జి కాగితం చేతిలో పెట్టారు. ఇవాళ, రేపు అంటూ జూన్ వచ్చేసింది. అక్కణ్ణుంచి పనిచేయడానికి కంపెనీ రూల్స్ ఒప్పుకోవు. ఆయన చూసే బిల్లింగ్ బ్యాచ్ జాబు నాకిచ్చారు. "ఆయన వచ్చేదాకా చూసుకుంటావా?" అని మేనేజర్ అడిగాడు, చూసుకుంటానన్నాను. రాత్రి రెండింటికి ఫోను మోగితే లేచేవాణ్ణి. ఏప్రిల్లో ఆ జాబుని తిరగరాశాను. ఆరు గంటలు నడిచేది గంటన్నరకి వచ్చింది. అందరి ముందూ డెమో ఇచ్చాను, చప్పట్లు కొట్టారు. ఆ వారమే మేనేజర్ "ఇక దీనికి నువ్వే ఓనర్ అనుకుందామా?" అన్నాడు. ఆయన వాక్యం పూర్తి చేయకముందే సరే అన్నాను.

ఆ మార్పు డిజైన్ నాది కాదు. మా అన్న రెండేళ్ళ క్రితమే వికీలో ఒక పేజీ రాసి పెట్టాడు, టేబుల్‌ని ఎలా ముక్కలు చేయాలో, ఏది ముందు నడపాలో. టైం దొరక్క ఆగింది. నేను ఆ పేజీ చూసే చేశాను. డెమోలో ఆ ముక్క చెప్పలేదు.

ఆయన జూన్‌లో తిరిగొచ్చేసరికి చేయడానికి సరైన పని లేదు. తలా కాస్త ఇచ్చారు. జూలైలో కోతల జాబితా వచ్చినప్పుడు, సొంతంగా ఏ జాబూ లేనివాడి పేరు అందులో ఉండటం ఎవరికీ వింతగా అనిపించలేదు. ఇందులో ఎవరు ఎవర్ని మోసం చేశారని అడిగితే నేను చెప్పలేను. ప్రెస్కాట్ ఏం చేయాలి, రోమో వచ్చేదాకా కావాలని ఓడిపోవాలా? ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ప్రెస్కాట్ ముందు నిలబడ్డ లైను రోమో కోసం కట్టినదని డాలస్‌లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, ఎవరూ దాచలేదు. వికీ పేజీ సంగతి నేనొక్కణ్ణే దాచాను.

ఇంకో విషయం కూడా ఉంది. అంతకుముందు ఏడాది, 2022 సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్‌లోనే ప్రెస్కాట్ బొటనవేలు విరిగింది. కూపర్ రష్ వచ్చాడు. ఆ రష్‌ని ఆగస్టు కోతలో తీసేసి, మళ్ళీ ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తెచ్చుకున్నారు! ఆయన ఐదు మ్యాచ్‌లు ఆడి నాలుగు గెలిపించాడు. అయినా అక్టోబర్‌లో ప్రెస్కాట్ రాగానే కుర్చీ ఆయనకి ఇచ్చేశారు, పెద్ద చర్చ కూడా లేదు. మరి రోమోకి ఎందుకు ఇవ్వలేదు? రోమోకి 36 ఏళ్ళు, ప్రెస్కాట్‌కి 29. ప్రెస్కాట్‌కి 2021లో నాలుగేళ్ళకి 160 మిలియన్ల డాలర్ల కాంట్రాక్టు. పైగా రష్ గెలిచిన మ్యాచ్‌ల్లో డిఫెన్స్ చాలా మోసింది. అంటే బదులొచ్చినవాడు గెలిస్తే చాలదు, పోయినవాడి వయసూ ఖరీదూ కూడా లెక్కలోకొస్తాయి. మా అన్నకి 41. మా టీములో అందరికంటే ఎక్కువ జీతం. నేను చవక.

మూడో క్వార్టర్‌లో, గ్రియర్ ఆడుతుండగానే, చెప్పేశాను. "అన్నా, ఆ డెమోలో మీ వికీ పేజీ గురించి చెప్పి ఉండాల్సింది."

ఆయన మైదానం మీంచి చూపు తిప్పలేదు. "తెలుసురా. ఆ పేజీ ఎవరెవరు చూశారో వికీ చూపిస్తుంది. మార్చిలో నీ పేరే పదకొండుసార్లు ఉంది."

నాకేం మాట్లాడాలో తోచలేదు. కాసేపటికి ఆయనే, "ఒక్క ముక్క చెప్పుంటే బావుండేది" అన్నాడు. పరవాలేదులే అనలేదు. నాకూ అనిపించుకోవాలని లేదు. తర్వాత ఇద్దరం నాచోస్ తిన్నాం.

మిగిలిన ఐదు రోజుల్లో ఆయన నాకు కేటీ ఇచ్చాడు. నిజానికి నేనే ఆయనకి ఇవ్వాల్సిన పరిస్థితి, జాబు ఇప్పుడు నా కోడు కదా. బుధవారం నా డాక్యుమెంట్ చదివి, "ఏడో స్టెప్ తప్పు. మామూలు రోజుల్లో నడుస్తుంది, డిసెంబర్ 31 రాత్రి పేలుతుంది. ఏడాది మారేటప్పుడు పాత ముక్క మూయకుండా కొత్తది తెరుస్తున్నావ్" అన్నాడు. పక్కన కూర్చుని సరిచేయించాడు. శుక్రవారం లాప్‌టాప్ అప్పజెప్పి వెళ్ళిపోయాడు. సోమవారం టీం మీటింగులో ఆ వికీ పేజీ తెరిచి, డిజైన్ ఎవరిదో చెప్పాను. మేనేజర్ "గుడ్ టు నో" అని తర్వాతి టికెట్‌కి వెళ్ళాడు.

హెచ్1బి వాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు. ఆయనకి ఏడో వారంలో షార్లెట్‌లో దొరికింది. స్కూల్ మధ్యలో అమ్మాయిని మార్పించి, సామాను సర్దుకుని వెళ్ళారు. లారీ ఎక్కించడానికి వెళ్ళాను.

డిసెంబర్ 31 రాత్రి మేలుకుని కూర్చున్నాను. పన్నెండు దాటాక జాబు మొదలై, ఒంటిగంటన్నరకి పచ్చగా ముగిసింది. "నడిచింది అన్నా" అని మెసేజ్ పెట్టాను. షార్లెట్‌లో అప్పుడు రెండున్నర అయ్యుంటుంది, అయినా వెంటనే జవాబొచ్చింది. "నిన్న లయన్స్ మ్యాచ్ చూశావా? ఆ రెండు పాయింట్లు రిఫరీలు అన్యాయంగా కొట్టేశారురా. మనమే గెలిచాం, అయినా మనసొప్పట్లేదు."

చూశానన్నాను.