జీపు ఎత్తు పెరిగింది... స్టీరింగు వణికింది!

ఆర్మూరు అనగానే ముందు పసుపు గుర్తొస్తుంది. తరవాత, ఎవరో నల్లరాళ్లు ఏరుకొచ్చి కుప్ప పోసినట్టుండే నవనాథ సిద్ధుల గుట్ట. ఆకలి వేళయితే, పక్కనే ఉన్న అంకాపూర్‌ నాటుకోడి కూర! ఇవన్నీ అందరూ చెప్పేవే. బండి నడిపేవాళ్లు చెప్పేది ఇంకొకటుంది. నిజామాబాద్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరు రెండు జాతీయ రహదారుల కూడలి. ఉత్తరాదినీ దక్షిణాదినీ కలిపే 44వ నంబరు రహదారి (పాతకాలపు డ్రైవర్లకు ఇప్పటికీ అది ఏడో నంబరే), నిజామాబాద్‌ నుంచి జగిత్యాల వైపు సాగే 63వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. 2019 ఫిబ్రవరిలో గిట్టుబాటు ధర కోసం పసుపు, ఎర్రజొన్న రైతులు రాస్తారోకోలకు దిగిందీ ఈ కూడళ్లలోనే.

ఆ నున్నటి రోడ్డు దిగి పొలం బాట పట్టారో... లోకమే వేరు. పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తితే కొమ్ములు తవ్వేది సంక్రాంతి దాటాకే. అంటే వానాకాలమంతా రైతు ఆ బాటలో తిరగాల్సిందే. ట్రాక్టరు చక్రాలు చెరోపక్క గాడి తీస్తే మధ్యలో మట్టి కట్టలా లేస్తుంది. మామూలు కారు కడుపు దానికి రాసుకుని ఆగిపోతుంది. అందుకే ఇలాంటి ఊళ్లలో జీపుకు అంత మర్యాద. 1947లో మహీంద్రా వాళ్లు మనదేశంలో విల్లీస్‌ జీపులు బిగించడం మొదలుపెట్టింది మొదలు, కమాండర్లూ ఎంఎం 540లూ దాటి, ఇప్పటి థార్‌ దాకా ఆ మోజు తగ్గలేదు.

మోజు ఉన్నచోట ఇంకో కోరికా పుడుతుంది... బండిని ఇంకాస్త లేపుదామని! కమాన్‌ కట్టలో రెండు పట్టీలు అదనంగా వేయించడం, షాకిళ్లు పొడవువి పెట్టించడం, పెద్ద టైర్లు ఎక్కించడం. మరీ ఉత్సాహవంతులైతే కమాన్‌ కట్ట యాక్సిల్‌ కింద ఉన్న జీపుల్లో దాన్ని పైకి మార్పించేస్తారు. బండి నిజంగానే లేస్తుంది. పొలం బాటలో పులిలా పోతుంది. అసలు కథ, అదే బండి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నాలుగు వరసల రహదారి మీదకు వచ్చినప్పుడు మొదలవుతుంది.

‘‘ఏమైందే బండికి?’’

‘‘అరవై దాటితే వణుకుతుందన్నా!’’

‘‘చెయ్యి వణుకుతుందా, సీటు వణుకుతుందా?’’

అనుభవమున్న మెకానిక్‌ మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇందులోనే సగం జవాబు ఉంది. వణుకు స్టీరింగులో తెలిస్తే జబ్బు ముందు చక్రాల దగ్గర. సీటు కింద, నేల పలకలో తెలిస్తే అనుమానించాల్సింది ప్రొపెల్లర్‌ షాఫ్టుని. బండి లేచినకొద్దీ గేర్‌బాక్సుకూ యాక్సిల్‌కూ మధ్య ఆ షాఫ్టు ఏటవాలుగా మారుతుంది, దాని జాయింట్లు ఆ కోణంలో సాఫీగా తిరగలేవు.

వణకడం ఒక రకమైతే, నిలకడ లేకపోవడం ఇంకో రకం. తిన్నగా పోతున్న బండి ఓసారి అటు, ఓసారి ఇటు గుంజుతుంది. సైకిలు ముందు ఫోర్కును గమనించారా? అది నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఓ కారణం. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలే ఉంటుంది. దాన్ని క్యాస్టర్‌ అంటారు. షాకిళ్లు మార్చి ఎత్తు పెంచినప్పుడు యాక్సిల్‌ కొద్దిగా తిరిగి, చాలాసార్లు ఆ వాలు తగ్గిపోతుంది. ఇక స్టీరింగుకు తనంతట తాను తిన్నబడే గుణం పోతుంది. కమాన్‌కూ యాక్సిల్‌కూ మధ్య చీలిక ఆకారపు ఇనుప ముక్క పెట్టి దీన్ని సరిచేస్తారు. దాని మందం వైపు ఎటు ఉండాలో తెలియక తిరగేసి బిగిస్తే ఉన్న వాలూ పోతుంది! మరీ ఎక్కువ వాలిస్తే ముందు ప్రొపెల్లర్‌ షాఫ్టు కోణం చెడుతుంది. అలైన్‌మెంట్‌ యంత్రం మీద కొలిపించుకుని చేయాల్సిన పని ఇది, కంటి అంచనాతో కాదు.

గుంత తగిలినప్పుడల్లా స్టీరింగు దానంతటదే తిరుగుతోందా? అప్పుడు చూడాల్సింది డ్రాగ్‌ లింకు. స్టీరింగు బాక్సు నుంచి చక్రానికి వెళ్లే ఈ కడ్డీ దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. బండి లేస్తే అది నిచ్చెనలా ఏటవాలుగా నిలుస్తుంది. చక్రం ఎగిరిన ప్రతిసారీ కడ్డీ దాన్ని పక్కకు నెడుతుంది. ఎత్తుకు తగినట్టు తయారైన పిట్‌మన్‌ ఆర్మ్‌ వేస్తే సరిపోతుంది. అది దొరకలేదని కడ్డీని గ్యాస్‌తో కాల్చి వంచడం, కోసి వెల్డింగు పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఆ అతుకు ఊడితే స్టీరింగు తిరుగుతుంది, చక్రం తిరగదు.

అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటి. మంచి వేగంలో వంతెన అతుకు మీదో చిన్న గుంతలోనో చక్రం పడుతుంది. అంతే... ముందు చక్రాలు రెండూ కుడిఎడమలకు కొట్టుకుంటూ బండి మొత్తం ఊగిపోతుంది. ఇంగ్లిషువాళ్లు దీనికి ‘డెత్‌ వాబుల్‌’ అని పేరు పెట్టారంటే ఎంత హడలిపోయారో! అలాంటప్పుడు బ్రేకు మీద నిలబడకూడదు. స్టీరింగును గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్‌ వదిలి, బండిని మెల్లగా నెమ్మదించి పక్కకు తీయాలి. ఆ తరవాత చాలామంది చేసే పని, స్టీరింగు డ్యాంపర్‌ కొత్తది కొనడం. అది నొప్పి మాత్ర లాంటిది. వణుకును దాస్తుంది, జబ్బును కాదు.

జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఉంది. ఇంటి ముందే చేసుకోవచ్చు. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, కొడుకు స్టీరింగును కొద్దికొద్దిగా అటూఇటూ ఆడిస్తుంటే తండ్రి వంగి చూడాలి. ‘‘మల్లొక్కపారి తిప్పు బిడ్డా!’’ అంటూ ఒక్కో జాయింటు మీదా వేలు పెడితే టైరాడ్‌ చివర్లలో, బుష్‌లలో, స్టీరింగు బాక్సు బోల్టుల్లో ఎక్కడ వదులుందో వేలికే తెలుస్తుంది. పవర్‌ స్టీరింగైతే ఇంజిను నడుస్తుండాలి కాబట్టి వేలు జాగ్రత్త. తరవాత జాకీతో లేపి, స్టాండు పెట్టి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. ఆడుతోందా? ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగిపోతే వీల్‌ బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్‌ లేదా బాల్‌జాయింటు. ఉత్త జాకీ మీదున్న బండి కిందికి మాత్రం ఎంత తొందరున్నా దూరకూడదు.

ఇవేవీ కాకపోతే... అసలు వీటికన్నా ముందే, టైర్లలో గాలి, వీల్‌ బ్యాలెన్సింగు, యు బోల్టులు చూసుకోవాలి. వందల్లో పోయేదానికి వేలు పోసేది ఇక్కడే. కమాన్‌ కట్ట సెంటర్‌ బోల్టు తెగితే యాక్సిల్‌ పక్కకు జరిగి బండి ఎండ్రకాయలా నడుస్తుంది. కమాన్‌ చెవి నుంచి యాక్సిల్‌ దాకా రెండువైపులా టేపుతో కొలిస్తే తేడా బయటపడుతుంది. బ్రేకు గొట్టాలనూ చూడాలి. ఎత్తు పెరిగిన బండి చక్రం గుంతలోకి వేలాడితే పాత గొట్టం పొడవు చాలక సాగి తెగే ప్రమాదముంది.

2010లో వచ్చిన పాత థార్‌లో కొన్ని రకాలకు ముందువైపు కమాన్లు లేవు, టోర్షన్‌ బార్లున్నాయి. బోల్టు బిగిస్తే బండి లేస్తుంది. ఇంత సులువా అని మురిసిపోతే, కొన్నాళ్లకు టైరు ఒక అంచే అరుగుతుంది, డ్రైవ్‌ షాఫ్టుల రబ్బరు తొడుగులు చిరుగుతాయి.

చట్టం సంగతీ తెలిసుండాలి. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది. పొలం బాట కోసమే అయితే, గట్టి టైర్లూ మంచి షాకబ్జర్లూ ఉన్న మామూలు ఎత్తు జీపు చాలా చోట్లకు పోతుంది. ఎత్తు పెరిగిన బండి మలుపులో ఎంతగా ఒరుగుతుందో తెలియాలంటే సిద్ధుల గుట్ట ఘాట్‌ రోడ్డు చాలు... కానీ ఆ పరీక్ష పిల్లలతో వద్దు.

మరమ్మతు చేయించాక తొలి పరుగుకు పోచంపాడు మంచిది. పెర్కిట్‌ దాటి 44వ నంబరు రహదారి మీద ఉత్తరంగా వెళితే, గోదావరి మీద శ్రీరాంసాగర్‌. ఖాళీ బండితో, ఒక్కరే, యాభై దగ్గర ఓసారి, అరవై దగ్గర ఓసారి స్టీరింగు మాట వింటూ వెళ్లాలి. తిరిగొచ్చాక యు బోల్టులకు మళ్లీ స్పానరు పెట్టాలి. కొత్తగా బిగించిన కమాన్లు సర్దుకుని, అవి ఎంతో కొంత వదులై ఉంటాయి.