పట్నం బజారు, పెళ్ళికూతురి మొహం

మా చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని మిర్యాలగూడ నుంచి శనివారం పొద్దున్నే హైదరాబాదులో దిగింది. పిల్ల పెళ్ళి ఇంక మూడు వారాలే. పట్టుచీరలూ బంగారమూ అయిపోయాయి. మిగిలినవన్నీ చిల్లర సరుకులు: గాజులు, రవిక గుడ్డలు, గిల్టు నగలు, చెప్పులు, క్రీములు, పౌడర్లు. "రెండు రోజుల్లో తెమలాలి, వెయ్యి చెప్పింది అయిదువందలకు రావాలి, నువ్వు తోడు రావాలి అక్కా" అని మూడు షరతులు పెట్టింది. డాక్టరుకు బజారుతో ఏం పని అనకండి. బజారులో కొన్నది ఒంటి మీద దద్దురై చివరికి మా దగ్గరకే కదా వచ్చేది!

పిల్లను చూడగానే, "బుగ్గలేమిటే ఇంత ఎర్రగా ఉన్నాయి?" అన్నాను. "పెళ్ళికళ వచ్చిందక్కా" అంది మా చెల్లెలు మురిసిపోతూ. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదు.

మెట్రో ఎక్కి సుల్తాన్ బజారు స్టేషన్లో దిగాం. అక్కడ బేరం ఒక విద్య. అద్దాల తలుపున్న దుకాణంలో ధర పెద్దగా కదలదు. రోడ్డు మీద గొడుగు కింద పరచిన సరుకైతే చెప్పిన దాంట్లో సగం దగ్గర మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. మా చెల్లెలు మూడో వంతు దగ్గర మొదలుపెట్టింది, అది వేరే సంగతి. రవిక గుడ్డలు, లంగాలు, నైటీలు చవగ్గానే వచ్చాయి. అయితే ముదురు రంగు కొత్త బట్టను ఒకసారి ఉతక్కుండా కట్టుకోకండి. మిగిలిపోయిన రంగూ, బట్ట బిగువుగా ఉండేందుకు వాడే మందులూ చెమటకు దిగి చంకల్లోనూ నడుము దగ్గరా దురద పుట్టిస్తాయి. ఉతికితే చాలావరకు పోతుంది.

ఇంకో సంగతి. ఎక్కడ మరుగుదొడ్డి వెతుక్కోవాలో అని ఆడవాళ్ళు బజారుకెళ్ళిన రోజున మంచినీళ్ళు తాగడం మానేస్తారు. ఆ రాత్రో మర్నాడో మూత్రంలో మంట అంటూ మొదలవుతుంది. మెట్రో స్టేషన్లలో ఆ సౌకర్యం ఉంది. ఇంటి నుంచి సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి, నిర్భయంగా తాగండి.

గిల్టు నగల దగ్గర గంట గడిచింది. వీటిలో తరచు నికెల్ అనే లోహం కలుస్తుంది. అది పడని వాళ్ళకు చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారతాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే సాధారణంగా జన్మంతా పడదు. కాబట్టి బుట్టలు గిల్టువైనా, చెవిలో దూర్చే కాడ మాత్రం బంగారమో వెండో స్టెయిన్‌లెస్ స్టీలో వేయించుకోవడం మేలు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేసి, పిల్ల ఒక బండి దగ్గర ఆగింది. దారి తెలిసినట్టే ఆగింది. బండివాడు అడక్కుండానే ఒక చిన్న డబ్బా తీసి చేతిలో పెట్టాడు. నేను లాక్కుని చూశాను. తయారుచేసినవాడి చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. విదేశీ సరుకన్నాడు, కానీ ఇక్కడికి దిగుమతి చేసినవాడి పేరూ లేదు, రిజిస్ట్రేషన్ నంబరూ లేదు.

"ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావే?"

"ఆరు నెలల నుంచి పెద్దమ్మా. సంబంధం చూసినప్పుడు వాళ్ళత్తగారు చామనఛాయ అందట."

ఇక బజారు మధ్యలోనే విచారణ. ఎండలోకి వెడితే మంట పుడుతుందా? పుడుతుంది. రెండు రోజులు మానేస్తే? మొహమంతా మండి పొక్కులొస్తాయి, మళ్ళీ రాస్తే తగ్గుతుంది. గడ్డం మీద సన్నటి నూగు కొత్తగా వచ్చింది. దగ్గరగా చూస్తే బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు. అది పెళ్ళికళ కాదు, స్టెరాయిడ్ మందు చేసిన పని!

ఇలాంటి క్రీముల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి మందులు కలుపుతుంటారు. మొదటి నెల మొహం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి ఆ మందు లేకుండా ఉండలేని స్థితికొస్తుంది. చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లో ప్రభుత్వం కట్టుదిట్టం చేసింది. బండి మీద ఎవరు చూడొచ్చారు? కొన్నిటిలో పాదరసమూ ఉంటుంది. అది చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాలను చెడగొడుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు రాసుకున్నవారికి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2023లో బయటపడింది.

అందుకే పిల్లకు మూత్రపరీక్ష కూడా చేయించాం. దేవుడి దయవల్ల అది బాగానే ఉంది. చర్మవ్యాధుల నిపుణురాలికి చూపిస్తే, ఆ క్రీము ఇక తాకవద్దని చెప్పి, మంటకు మందిచ్చి, ఎండకు రాసుకునేది రాసిచ్చింది. పూర్తిగా తేరుకోవడానికి నెలలు పడుతుందంది. "పెళ్ళి నాటికి?" అని మా చెల్లెలు అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇలాంటి క్రీము చాలాకాలంగా రాస్తున్నవారు ఎవరైనా ఈ పేజీ చదివితే, సొంత వైద్యం చేసుకోకుండా, డబ్బాతో సహా నిపుణుల దగ్గరకు వెళ్ళండి.

ఆదివారం చార్మినారుకు వెళ్ళాం. మదీనా దగ్గర ఆటో దిగి పత్తర్‌గట్టీ మీదుగా నడిచాం. 1591 నాటి ఆ కట్టడానికి పడమటి వైపు సందే లాడ్ బజారు. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, వేడి మీదే అద్దపు రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొలత రెండు-నాలుగు అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతుల వెడల్పు. ఎండలో తిరిగిన చేతులు కొంచెం ఉబ్బుతాయి, కనక సబ్బు రాసి బలవంతంగా ఎక్కించనివ్వకండి.

పెద్దపిల్ల కొడుక్కని మా చెల్లెలు సుర్మా సీసా తీసింది. వద్దన్నాను. సుర్మాలో తరచు సీసం ఉంటుంది. పసివాడు కళ్ళు నులుముకుని ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. "మన అమ్మ మనకు కాటుక పెట్టలేదా?" అంది. పెట్టింది, ఇంట్లో ఆముదం దీపం మీద పట్టి! అయినా చంటివాడి కంట్లో అదీ అక్కర్లేదు.

గోరింటాకు కోన్లు కూడా బేరమాడింది. గంటలో నల్లగా పండేది గోరింటాకు కాదు సుమా! అసలు గోరింట మొదట నారింజ రంగులో ఉండి మర్నాటికి ముదురుతుంది. నల్లదాంట్లో జుట్టు రంగుకు వాడే మందు ఉంటుంది, పడకపోతే చేతులు బొబ్బలెక్కుతాయి. పొడి కొని ఇంట్లోనే కలుపుకోమన్నాను.

చెప్పులు మాత్రం సాయంత్రమే కొన్నాం, రోజంతా తిరిగాక పాదాలు ఉబ్బి ఉన్నప్పుడు. పొద్దున కొన్నవి మధ్యాహ్నానికే కరుస్తాయి.

నిన్న పిల్ల ఫోన్ చేసింది. మొహం మండుతోందట, పొక్కులొచ్చాయట. క్రీము ముట్టుకోలేదంది. "ఫోటోల్లో ఎర్రగా పడతానేమో పెద్దమ్మా" అంది. పడతావే అన్నాను. కాసేపాగి, ఆ సంగతి పెళ్ళికొడుకుతో తనే చెప్పేశానంది. అతను, మా అమ్మకు నేను చెబుతాను, నువ్వు డాక్టరు చెప్పినట్టు చెయ్యి అన్నాడట.