అడ్డపొగకు చెప్పుకునే కారణాలు

చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఈ అలవాటు తరతరాలుగా ఉంది. పొగా వేడీ నేరుగా అంగిటికి తగులుతాయి. ఇతర చోట్ల అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఈ జిల్లాల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. క్యాన్సర్ రాకముందే అంగిలి పాలిపోయి, మందమై, బీటలు వారుతుంది. దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. అవి పొగకు వాచిన చిన్న లాలాజల గ్రంథుల మూతులు. ఈ దశలో చాలామందికి నొప్పి ఉండదు, అందుకే ఆసుపత్రికి రారు.

ఎందుకు కాలుస్తున్నారని అడిగితే జవాబులకు కొదవ ఉండదు. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద మీద పడదు, పంటిపోటు తగ్గుతుంది. వీటిలో కొంత నిజమూ ఉంది. అయితే పంటిపోటు కోసమే మొదలుపెట్టానన్న ఒక వృద్ధురాలి నోరు పరీక్షిస్తే ఒక్క పన్నూ లేదు. ఆ మాటే అంటే, "మాయమ్మ తాగినాది, ఎనబై యేళ్లు బతకలేదేటి బాబూ?" అంది. పాత కారణం పోయినా అలవాటు పోలేదు, దానికి కొత్త కారణం దొరికింది.

ఇలా కారణాలు వెతుక్కోవడం చదువు లేకపోవడం వల్ల వచ్చేది కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1954లో జరిగిన ఒక సర్వేను మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో తన పుస్తకంలో ఉదహరించాడు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం రుజువైందని పొగతాగనివాళ్లలో 29 శాతం మంది ఒప్పుకుంటే, బాగా తాగేవాళ్లలో 7 శాతమే ఒప్పుకున్నారు. చేసే పనికీ తెలిసిన నిజానికీ పొత్తు కుదరనప్పుడు, పని మానడం కన్నా నిజాన్ని శంకించడం మనిషికి తేలిక.

అందుకే కారణాలను ఒక్కొక్కటిగా ఖండించే వైద్యుడు గెలిచినట్టే ఉంటాడు, రోగి మాత్రం ఇంటికెళ్లి చుట్ట ముట్టిస్తుంది. వాదన కన్నా అద్దం మేలు. తన అంగిటిని తాను ఎన్నడూ చూసుకోని మనిషికి ఆ బీటలు చూపించి, పక్కనున్న కూతురికో కోడలికో కూడా చూపించి, మానే రోజు ఆమె చేతే చెప్పించాలి. చుట్ట మానేస్తే ఈ మార్పులు చాలావరకు తగ్గుతాయి. రెండు వారాలకు మానని పుండు గానీ గడ్డ గానీ ఉంటే ఆలస్యం చేయకుండా ముక్క పరీక్ష చేయించాలి.