మోకు బిగించినట్టు

"ఊపిరి కాదన్నా, కింద బిగబట్టు!"

హైదరాబాద్‌లో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ పునరావాస కేంద్రంలో అడుగుపెట్టగానే వినపడిన మాట ఇది. మంచం మీద వెల్లకిలా పడుకున్నాయన నల్లగొండ వైపు గీత కార్మికుడు. ఏడాది కింద తాటిచెట్టు మీంచి పడ్డాడు. వీపు మధ్యలో వెన్నుపాము నలిగింది గానీ పూర్తిగా తెగలేదు. ఆయన సాధనంతా ఆ తెగని కాస్త మీదే.

మూత్రాశయాన్ని, పేగు చివరను కింది నుంచి మోసే కండరాల పొర ఒకటుంది. వెన్నుపాము కొసన ఎస్2, ఎస్3, ఎస్4 నరాలు దాన్ని ఆడిస్తాయి. మెదడు మాట అక్కడిదాకా చేరుతోందో లేదో చూడ్డానికి డాక్టరు మలద్వారంలో వేలు పెట్టి "బిగించు" అంటారు. మోటు పరీక్షే. కానీ ఆ మాట చేరుతోందో లేదో స్కాను చెప్పదు, వేలు చెబుతుంది.

ఆ బిగింపునే సాధనగా చేయిస్తారు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు కాన్పు తర్వాత మూత్రం నిలవని ఆడవాళ్ళ కోసం రాసిన వ్యాయామమే ఇది. "ఆడోళ్ళది నాకెందుకు" అని మొదట్లో నవ్వాడట గీత కార్మికుడు.

ఒంటికి అంటించిన తీగల నుంచి తెర మీద బిగింపు చూపే పచ్చ గీత. గభాలున లేచింది. "పిర్రలు బిగించినవ్, లెక్క కాదు" అంది ఫిజియోథెరపిస్టు, పొట్ట మీద చెయ్యి ఆనించి. "ఒంటికి పోతుంటే ఎవరో వచ్చిండ్రనుకో, ఆపుతవు చూడు, గట్ల. నిజంగ పోసేటప్పుడు మాత్రం చెయ్యకు, సంచి సగమే ఖాళీ అయితది." ఈసారి గీత వణుకుతూ లేచింది. ఐదు సెకన్లు నిలిచింది. తర్వాత పది సెకన్లు పూర్తిగా వదిలెయ్యాలి.

"చెట్టెక్కే మోకు లెక్కనే సార్," అన్నాడాయన నాతో. "బిగిస్తెనే సాలదు, వదలకపోతే పైకి జరగదు."

పక్క మంచం కుర్రాడికి ఈ పాఠం లేదు. గాయం పూర్తిది, వేలికి ఏ పట్టూ దొరకలేదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తనే ట్యూబు పెట్టుకుని మూత్రం తీసుకోవడం నేర్చుకుంటున్నాడు. బిగింపు సాధన తనకు పనిచెయ్యదని మొదట్లోనే చెప్పేశారు. ఆశపెట్టి నెలల తరబడి బిగింపజేయడం కన్నా అదే నయమనిపించింది నాకు.

"వచ్చినోళ్ళందరు నడుస్తవా అనే అడుగుతరు," అన్నాడు గీతన్న, తువ్వాలు సర్దుకుంటూ. "వచ్చే నెల మేనకోడలి పెండ్లి. బంతిల కూసున్నంతసేపు లుంగీ తడవొద్దు. గంతే."