పత్తి పోయిందంటే పిల్ల ఏడ్చింది

పోయినసారి తామర పురుగు గురించి రాశా. ఇవాళ పురుగూ లేదు, మందూ లేదు. మా మనవల మాటలు రాస్తా, నవ్వుకోండి. నాకు గుచ్చుకున్న సంగతి కూడా మధ్యలో ఒకటుంది, దాన్ని దాటేసి పోబాకండి.

మీలో కొందరికి తెలుసు, మా చిన్నోడు చెన్నైలో ఉద్యోగం. కోడలు తమిళమ్మాయి, వాళ్ళది కోవిల్‌పట్టి పక్కన పల్లెటూరు. కోడలి వాళ్ళమ్మ కూడా చెన్నైలో వీళ్ళ దగ్గరే ఉంటది. పాపకి ఐదేళ్ళు, బుడ్డోడికి మూడు దాటినయ్. అమ్మతోనూ అమ్మమ్మతోనూ తమిళం, నాన్నతో తెలుగు. తమిళంలో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా పాట్టి అంటారు. పాట్టి వాళ్ళ ఊరు కాబట్టే దానికి కోవిల్‌పట్టి అని పేరొచ్చిందని మా పాప నమ్మకం.

అక్టోబర్లో కాయ పగిలే టైముకి వారం రోజులు ముసురు పట్టింది గదా. చిన్నోడు ఫోన్ చేసి ఎట్టా ఉంది నాయనా అన్నాడు. "ఏముందిరా, పత్తి పోయింది" అన్నా. వాడు స్పీకర్ పెట్టి ఉన్నాడు. పక్కన అన్నం తింటున్న పాప ఒక్కసారిగా ఏడుపు. "పాట్టి పోయిందా? పాట్టి పోయిందా?" అని. ఆమె అప్పుడే పాల ప్యాకెట్టు కోసం కింద కొట్టుకి పోయింది. ఎంత చెప్పినా పిల్ల నమ్మలా. ఆమె మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడేదాకా ఏడుపు ఆపలా. సంగతి తెలిశాక ఆ పెద్దామె తమిళంలో ఏదో అన్నది. కోడలు నాకు తెలుగులో చెప్పింది: "మామా, నేను బానే ఉన్నాను, అన్నయ్యగారిని పత్తి ఎన్ని ఎకరాలు పోయిందో అడుగు అంటోంది." ఆమెది కూడా పత్తి పండించిన ఇల్లే. నాలుగెకరాలు పోయింది. నా పత్తి కోసం అంత గట్టిగా ఏడ్చింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.

ఇంకో తమాషా చూడండి. పత్తిని తమిళంలో పరుత్తి అంటారు. మన పెద్దోళ్ళు ప్రత్తి అని రాసేవాళ్ళు, మనం ఆ రకారం కూడా మింగేసి పత్తి చేసుకున్నాం. మిరపకాయ వాళ్ళకి మిళగాయ్. మిరియాన్ని మిళగు అంటారు, దానికి కాయ తగిలించారు. మనమూ మిరియం పేరునే మిరప చేసుకున్నాం. అమెరికా ఖండం పంట పోర్చుగీసు ఓడలెక్కి మన దేశం వస్తే, ఘాటు చూసి ఇద్దరం ఒకే మాదిరి పేరు పెట్టుకున్నాం. అట్టాంటి దగ్గరి భాషలు కాబట్టే పిల్లలకి ఇన్ని తిరకాసులు. ఇంగ్లీషుతో ఇట్టాంటి నవ్వు రాదు.

సంక్రాంతికి వచ్చారు. పది రోజులు ఉన్నారు. మా ఇంటామె పాపని కూర్చోబెట్టి "రావే, మాడుకి నూనె పెడతా" అన్నది. గిన్నెలో నూనె వేడిచేసుకుని వచ్చేసరికి పిల్ల లేదు, గిన్నె కింద పెట్టి వెతకబోతే గిన్నె కూడా లేదు. కొట్టంలో దూడ పక్కన నిలబడి దాని వీపు మీద నూనె పోస్తావుంది. మాడు అంటే తమిళంలో పశువు. నాయనమ్మ పని తను చేసిపెట్టాననుకుంది. దూడ నిగనిగలాడతా వుంది, మా ఆమె ఎవర్ని తిట్టాలో తెలియక నన్ను తిట్టింది.

ఇంకో రోజు చారన్నం తింటా "నాయనమ్మా, పులి ఎక్కువైంది" అన్నది. "నల్లమలలో ఉండే పులి నా చారులోకెట్టా వచ్చిందే" అని మా ఆమె. చింతపండుని వాళ్ళు పుళి అంటారు. మనం పులుపు, పులుసు అంటున్నాం గదా, ఆ మాటే.

మిరపకి తడి పెడతా బుడ్డోడిని గట్టు మీద కూర్చోబెట్టా. అవతలి చేలో వాళ్ళు "నీళ్ళు పారతన్నయ్యా?" అని కేకేశారు. వీడు కాలవలోకి తొంగిచూసి, "తాతా, నీళ్ళకి కళ్ళు లేవుగా" అన్నాడు. పారు అంటే తమిళంలో చూడు. అద్దంకి బ్రాంచి కాలవ చివరి భూముల వాళ్ళకి ఈ మాట చెబితే, నిజమే, నీళ్ళకి మా పొలాలు కనపడటంలా అన్నారు.

"తాతా, పిల్లి ఓడిపోయింది" అని పరిగెత్తుకొచ్చాడు ఒకసారి. ఎవరి మీద ఓడిందిరా అన్నా. వాడి లెక్కలో పారిపోయింది అని, ఓడు అంటే పరిగెత్తు. శింగరకొండ తీసుకుపోతానంటే, ఎవరికి తీసుకుపోవాలి అని పాప అడిగింది. కొండా అంటే తీసుకురా. శింగరని ఎవరు తెమ్మన్నారో పాపం దానికి అర్థం కాలా. స్నానం చేశావా అంటే "కుళించాను" అంటది. కుళి తమిళం, తోక తెలుగు. ఎవరూ నేర్పలా, అది సొంతంగా కట్టుకున్న మాట. మనం స్టార్టర్‌కి, మోటార్‌కి తెలుగు తోకలు తగిలించి వాడుకోవట్లా?

ఇక గుచ్చుకున్న సంగతి. తమిళంలో మంచినీళ్ళు తణ్ణి. వచ్చిన మొదటిరోజే పాప "నాయనమ్మా, తన్ని ఇవ్వు" అన్నది, మా ఆమె పడీపడీ నవ్వింది. అది వీధిలోకి పోయింది. ఇక చూడండి, అరుగు మీద కూర్చున్నవాళ్ళు పిల్ల కనపడితే చాలు, "ఏదీ, దప్పికైతే ఏమంటావు?" అనడం, అది "తన్ని" అనడం, "అయితే తన్నమంటావా" అని అందరూ గొల్లున నవ్వడం. అరవ పిల్ల అని పేరు కూడా పెట్టారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, ముద్దుకే. మొదట్లో పాప కూడా నవ్వింది. నాలుగోరోజు పొద్దున నీళ్ళు కావాలంటే నోరు తెరవలా. కుండ వైపు వేలు చూపించింది. మధ్యాహ్నం కూడా అంతే. మాతో మాట్లాడాల్సినవన్నీ వాళ్ళ నాన్న చెవిలో చెప్పి, ఆయన చేత చెప్పిస్తావుంది.

దానికి తోడు ఆ రాత్రి చిన్నోడు ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ళు వెళ్ళే బడిలో ఒక టీచరు, పిల్ల రెండు భాషలు కలిపేస్తోంది, ఇంట్లో ఒకటే భాష పెట్టుకోండి అన్నదంట. ఒకటే అంటే ఏది పోద్దో మీకు చెప్పాలా? చెన్నైలో తమిళం పోదు. వాడు కూడా సగం మెత్తబడి ఉన్నాడు. నాకు నిద్ర పట్టలా. ఈ పిల్ల పదేళ్ళదయ్యాక నేను ఫోన్ చేస్తే మధ్యలో వాళ్ళ నాన్న నిలబడి చెప్పాలా? రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదని పిల్లల మాటల మీద పనిచేసేవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. కలిపి మాట్లాడటం ఆ వయసులో మామూలే. పత్తిలో కంది సాలు వేస్తే పత్తి కంది అయిపోద్దా?

దారి చూపించింది మా ఇంటామె. తెల్లారి పొయ్యి దగ్గర కూర్చుని, పిల్ల వినేట్టుగా, "ఇదిగో అమ్మాయ్, నాకు తన్ని కొండా" అన్నది. కోడల్ని అడిగి నేర్చుకున్నదంట. పాప నిలబడిపోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, మెల్లిగా, "నాయనమ్మా, తన్ని కాదు, తణ్ణి" అన్నది. ఈమె మళ్ళీ తప్పే పలికింది. మళ్ళీ దిద్దింది. అయిదారుసార్లకి పిల్ల కిందపడి నవ్వుతా వుంది. సాయంత్రానికి మా ఇంట్లో పంతులమ్మ అది. నేను "తాతా వాంగ" అంటే వంగబోయా, అది వంగడం కాదు తాతా, పెద్దోళ్ళని రండి అనడం అని నాకూ పాఠం చెప్పింది. చెప్పింది తెలుగులో.

వీధిలో వాళ్ళకి కూడా మా ఆమె పోయి చెప్పొచ్చింది. ఎట్టా చెప్పిందో రాయను, పేజీ ఆడవాళ్ళు కూడా చదువుతారు.

చిన్నోడికి నేను కోవిల్‌పట్టి సంగతి గుర్తుచేశా. పెళ్ళి మాటలకి పోయినప్పుడు చూశాం, అచ్చం మన నల్లరేగడి. వాళ్ళు కరిసల్ అంటారు. పత్తి చేలు. టీకొట్టు దగ్గర ఒక ముసలాయన మా మాటలు విని "ఏ ఊరు మీది?" అని తెలుగులో పలకరించాడు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళు. ఆయనకి తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. ఆ పక్కన ఇడైసేవల్ అనే ఊళ్ళో పుట్టిన కి. రాజనారాయణన్ కూడా అట్టాంటి తెలుగింటి రైతే. తమిళంలో పెద్ద రచయిత. తెలుగువాళ్ళు దక్షిణాదికి పోయి అడివి కొట్టి సేద్యం చేసుకున్న కథ రాశాడు. ఆ వరసలో వచ్చిన గోపల్లపురత్తు మక్కళ్ నవలకి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కరిసల్ నేల రైతుల మాటలకి నిఘంటువు కూడా తయారుచేశాడు. 2021లో చనిపోయాడు. ఇంట్లో తెలుగు, రాతలో తమిళం. ఆయన్ని చిన్నప్పుడు ఎవరైనా ఒకటే భాష పెట్టుకోమంటే ఏమయ్యేదో చూడరా అన్నా. 848 నాటి పండరంగని శాసనంలో తెలుగు పద్యం చెక్కిన ఊరు మనది, నీ ఇంట్లో నాలుగు మాటలు నిలవవా అని కూడా అన్నా. వాడు నవ్వాడు, సరే నాయనా అన్నాడు.

ఇప్పుడు రోజూ రాత్రి ఏడున్నరకి ఫోన్. పాప నాయనమ్మకి రెండు తమిళ మాటలు, నాయనమ్మ దానికి ఒక తెలుగు కథ. బుడ్డోడు మధ్యలో దూరతాడు. నిన్న, కల్లంలో కాయ ఆరబోశాం, ఉగాదికి వచ్చి చూద్దువులే అన్నా. "అప్పటికి మిళగాయ్ ఓడిపోతుందా తాతా?" అన్నాడు. పారిపోద్దా అని వాడి భయం. యార్డులో రేటు చూస్తే ఓడిపోయేట్టే ఉందిరా అన్నా.