జేజి చేతి నూనె

తొలికాన్పుకు పుట్టింటికి పోతున్నా. ఎనిమిదో నెలలో ఊరు దాటకూడదని పెద్దలంటే తొమ్మిది పడేదాకా ఆగి, డాక్టరమ్మను అడిగి మరీ బయల్దేరాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ 40 కిలోమీటర్లు ఉంటుంది. బస్సులో ముందు సీటు దొరికింది. ఎడమపక్క నల్లమల కనిపిస్తూనే ఉంది గానీ, శిరివెళ్ల దాటేసరికి కొండల్ని చూసే ఓపిక పోయింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నడుము కింద ఎవరో పొడిచినట్టే. ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల ముందు సగం చెక్కిన నంది దుమ్ము కొట్టుకుని ఉంది. అక్కడి నుంచి ఆటోలో కొత్తపల్లె.

జేజి నా నడక చూసి, "యాడ నొప్పి పాపా?" అంది.

వేడినీళ్ల గిన్నెలో నువ్వుల నూనె గిన్నె పెట్టింది. వెల్లకిలా పడుకోనివ్వలేదు. బిడ్డ బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయని డాక్టరమ్మ చెప్పిందే, చదువు రాని జేజికీ తెలుసు. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టింది. నూనె ముందు తన మణికట్టు మీద వేసుకుని చూసుకుంది. వెన్నెముక మీద చెయ్యి వెయ్యనే లేదు. దానికి ఇరుపక్కలా అరచేత్తో కింది నుంచి భుజాల దాకా నిదానంగా తోసింది. తుంటి పైన ఒకచోట బొటనవేలు ఆనించి, "ఈడనా?" అంది. అక్కడే. హార్మోన్లు కీళ్ల పట్టు సడలిస్తుంటే, ముందుకు లాగే పొట్టను మోసేది ఆ కండరాలే మరి.

"కడుపు జోలికి పోనులే" అని తనే అంది. పిక్కలు పిసకబోతే మాత్రం నేను ఆపాను. ఈ నెలల్లో కాళ్ల నరాల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం ఎక్కువ. ఒక కాలే వాచి నొప్పెడితే మర్దన కాదు, డాక్టరు కావాలి. జేజికి అది నచ్చలేదు.

ఆ రాత్రి కోడి కూసేదాకా పడుకున్నా. పొద్దునకు నొప్పి మళ్లీ వచ్చింది, జేజి మళ్లీ నీళ్లు కాచింది.

ఒక్కమాట. నడుము నొప్పి అలలుగా వచ్చిపోతూ కడుపు బిగుస్తున్నా, ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనిపించినా, నూనె గిన్నె పక్కనపెట్టి 108కి ఫోన్ చెయ్యండి.