సభలో తొలిమాట

ఊరి రచ్చబండ మొదలుకొని విద్వత్సభ వరకు ప్రతి గోష్ఠికీ ఒక గడప ఉంటుంది. అది కంటికి కనిపించదు. లోపల కూర్చున్నవారికి అది ఉన్నట్టే తోచదు. కొత్తగా వచ్చినవాడికి మాత్రం దానిని దాటడం కోటగోడను ఎక్కినంత కష్టం. ఎవరు ముందు మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, ఏది చనువు, ఏది అధిక ప్రసంగం అన్న సంగతులు ఎక్కడా రాసి ఉండవు. గ్రంథాలయంలో నెలనెలా జరిగే సాహిత్య సమావేశానికి మొదటిసారి వచ్చిన యువకుడు వెనుక వరుసలో, తలుపుకు దగ్గరగా కూర్చుంటాడు. అడగదలచిన ప్రశ్న ఒకటి అతడి మనస్సులో ఉంటుంది. దానిని పదిసార్లు లోలోపల కూర్చుకుంటాడు. అంతలో వందన సమర్పణ మొదలవుతుంది. ప్రశ్నను వెంటబెట్టుకొనే ఇంటికి వెళ్తాడు. ఇలా రెండు మూడు పర్యాయాలు జరిగిన తరువాత సమావేశానికి రావడమే మానేస్తాడు. తనకు జరిగిన నష్టం ఏమిటో సభకు ఎన్నటికీ తెలియదు.

చర్చలో పాల్గొనడం పుట్టుకతో వచ్చే వాక్చాతుర్యం కాదు, అభ్యసించవలసిన విద్య. ఈ సంగతిని మన దేశంలో అతి స్పష్టంగా గుర్తించినవారిలో వైద్యులు ఉన్నారు. చరకసంహిత విమానస్థానం 8వ అధ్యాయం శాస్త్రజ్ఞానాన్ని సాధించే ఉపాయాలు మూడని చెబుతుంది. మొదటిది అధ్యయనం, రెండవది అధ్యాపనం. మూడవది ‘తద్విద్య సంభాష’, అంటే ఒకే విద్య తెలిసినవారు తమలో తాము జరుపుకొనే సంభాషణ. చదవడం, చదివించడం అనే రెండింటి సరసన మాట్లాడుకోవడాన్ని కూర్చోబెట్టడం గమనించదగినది. దీనికి కారణాన్ని ఊహించడం కష్టం కాదు. తన పొరపాటును ఎత్తిచూపే సహచరుడు లేని వైద్యుడి అజ్ఞానానికి వెల చెల్లించేది రోగి.

ఆ సంభాషణ వల్ల కలిగే ప్రయోజనాలను కూడా చరకసంహిత వివరించింది. పూర్వం విన్న విషయంలో ఉన్న సందేహం మరలా వినడం వల్ల తొలగుతుంది. సందేహం లేనిచోట నిశ్చయం దృఢపడుతుంది. ఇంతవరకు వినని సంగతులు చెవిని పడతాయి. వీటన్నిటికన్నా సరసమైన పరిశీలన మరొకటి ఉంది. గురువు తనకు ప్రీతిపాత్రుడైన శిష్యుడికి క్రమక్రమంగా మాత్రమే చెప్పే రహస్యార్థాలను, వాదంలో గెలవాలన్న ఉత్సాహంలో ప్రతివాది ఒక్కసారిగా బయటపెట్టేస్తాడట! మానవ స్వభావాన్ని ఎంతో దగ్గరగా చూసినవారే ఇంతటి మాట చెప్పగలరు.

సంభాషణను చరకసంహిత రెండు విధాలుగా విభజించింది. సామరస్యంతో జరిగేది సంధాయ సంభాష; పోటీతో జరిగేది విగృహ్య సంభాష. మొదటిదానికి తగిన సహచరుడు ఎలా ఉండాలి? జ్ఞానంతోపాటు దానిని చెప్పగల శక్తి ఉండాలి. కోపమూ అసూయా ఉండరాదు. నచ్చజెబితే వినే గుణం, నచ్చజెప్పే నేర్పు, శ్రమకు ఓర్చుకొనే సహనం, ప్రియభాషణం ఉండాలి. అటువంటివాడితో నమ్మకంగా మాట్లాడాలి, నమ్మకంగా ప్రశ్నించాలి. ఓడిపోతానేమోనని కలవరపడరాదు. గెలిచానని పొంగిపోరాదు, పదిమందిలో చెప్పుకొని తిరగరాదు. మోహంతో ఒకే పక్షాన్ని పట్టుకొని వేలాడరాదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు వర్ణించరాదు. ఏ కాలపు సభలోనైనా కొత్తగా అడుగుపెట్టేవాడికి ఇంతకు మించిన ప్రవేశిక అక్కరలేదు.

ఇక మొదటి పని ఏమిటి? మాట్లాడటం కాదు, వినడం. పోటీ చర్చకు దిగే ముందు ప్రతివాది బలాబలాలనూ, పరిషత్తు స్వభావాన్నీ పరీక్షించుకోవాలని ఆ గ్రంథమే హెచ్చరించింది. పరిషత్తు జ్ఞానవతి కావచ్చు, మూఢ కావచ్చు. ఆ రెండింటిలోనూ మిత్రభావం కలది, ఉదాసీనమైనది, శత్రుభావం కలది అని మళ్ళీ మూడేసి రకాలు. ఈ విభజన ఎత్తుగడల కోసం చేసినదే అయినా, స్నేహంగా వచ్చినవాడికీ ఉపకరిస్తుంది. ఒకటి రెండు సమావేశాలు మౌనంగా విన్నవాడికి ఎన్నో సంగతులు బోధపడతాయి. ఏ ప్రశ్నకు ఇదివరకే సమాధానం వచ్చింది, ఏ విషయంలో ఎవరిది లోతైన పరిచయం, ఏ వివాదం ఎప్పటినుంచో నలుగుతున్నది అన్నవి తెలుస్తాయి. నిన్న చర్చించి ముగించిన విషయాన్నే ఈ రోజు కొత్తగా వచ్చినవాడు ఎత్తుకుంటే పెద్దలు విసుక్కుంటారు. ఆ విసుగు అతడి మీద కాదు, పునరుక్తి మీద. అయితే ఆ తేడా అతడికి తెలియదు, చిన్నబుచ్చుకుంటాడు. కాస్త ముందుగా విన్నవాడికి ఈ చిక్కు రాదు.

వినడానికీ ఒక హద్దు ఉంది. సంపూర్ణంగా తెలుసుకున్న తరువాతే నోరు విప్పుతానని భీష్మించినవాడు ఎన్నడూ నోరు విప్పడు. ప్రశ్న ఎలా ఉండాలన్నదానికి బృహదారణ్యకోపనిషత్తులోని గార్గి ఆదర్శం. జనకుడి సభలో ఆమె యాజ్ఞవల్క్యుణ్ణి మొదట వరుస ప్రశ్నలతో నిలదీసింది. హద్దు దాటి ప్రశ్నిస్తే తల రాలిపోతుందని ఆయన హెచ్చరించాడు. ఆమె మౌనం వహించింది. అయితే సభ విడిచి వెళ్ళలేదు. ఉద్దాలక ఆరుణి వంతు అయిన తరువాత మళ్ళీ లేచి, ఈసారి సభలోని బ్రాహ్మణులను ఉద్దేశించి, ఇతణ్ణి రెండే ప్రశ్నలు అడుగుతానని ముందుగా తెలియజేసి, వారి అనుమతితో అడిగింది. తృప్తికరమైన సమాధానం లభించగానే, బ్రహ్మవిషయమైన వాదంలో ఈయనను జయించగలవారు మీలో లేరని సభకే ప్రకటించింది. కొత్తవాడికి కావలసిన పాఠాలన్నీ ఇందులో ఉన్నాయి. ఒకసారి అడ్డు తగిలితే వెనుదిరగనక్కరలేదు. ప్రశ్నల సంఖ్యకూ పరిధికీ హద్దు ఉండాలి. సమాధానం సరిగా అందినప్పుడు ఆ మాట పైకి చెప్పాలి.

భిన్నాభిప్రాయం వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది తరువాతి మెట్టు. గౌతముడి న్యాయసూత్రాలు వాదోపవాదాలను వాదం, జల్పం, వితండం అని మూడు తెగలుగా చూపాయి. తత్త్వాన్ని నిర్ణయించుకోవడానికి చేసేది వాదం. గెలుపే లక్ష్యమైనది జల్పం. తనకంటూ ఒక పక్షం స్థాపించకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండం. తెలుగువారి నిత్యవ్యవహారంలో ‘వితండవాదం’ అన్న మాట ఇప్పటికీ బతికి ఉండటానికి అవసరం తీరకపోవడమే కారణం కావచ్చు.

ఓటమికి గుర్తులుగా అదే శాస్త్రం 22 నిగ్రహస్థానాలను పేర్కొన్నది. వాటిలో రెండు కొత్తవారికే కాక పాతవారికీ పనికివస్తాయి. సభకు అర్థమైన మాటను, ప్రతివాది మూడుసార్లు చెప్పినా, తిరిగి చెప్పలేనివాడు ఓడినట్టే. కనుక ఖండించే ముందు ఎదుటివారి అభిప్రాయాన్ని వారు ఒప్పుకొనే రీతిలో ఒకసారి చెప్పడం మంచి అలవాటు. చాలా తగవులు అక్కడే తీరిపోతాయి. రెండవది దీనికి తిరుగుడు. మూడుసార్లు చెప్పినా సభకుగాని ప్రతివాదికిగాని బోధపడని మాట పలికినవాడూ ఓడినట్టే. క్లిష్టమైన పదజాలంతో శ్రోతలను అదరగొట్టి, వారి మౌనాన్ని అంగీకారంగా భావించే పండితులకు ఈ సూత్రం వినసొంపుగా ఉండదు.

విషయాన్ని వదలి పక్కదారి పట్టడం కూడా నిగ్రహస్థానమే. తెలుగువారు మాత్రం దానికి ఒక గౌరవస్థానం కల్పించారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటే, అప్రస్తుత ప్రసంగానికే ఒకరు ప్రత్యేకంగా నియుక్తులవుతారు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆయన పని. సభకు వినోదం ఆయన వల్లనే. అయితే ఎనిమిది ఆసనాలలో అది ఒక్కటి మాత్రమే. మిగిలిన ఏడుగురూ దానినే ఎంచుకుంటే అవధానం సాగదు. చమత్కారంతో సభలో పేరు తెచ్చుకోవాలని తొందరపడే కొత్తవాడు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా వచ్చేవాడి బాధ్యత. సభ బాధ్యత అంతకన్నా పెద్దది. తొలిమాటను సభ ఎలా స్వీకరించిందన్నదానిని బట్టి చరిత్ర మలుపు తిరిగిన సందర్భం తెలుగువారికి పరిచితమే. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో, ధోండో కేశవ కార్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. వక్తలు ఇతర భాషలలో ప్రసంగించారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. రాష్ట్ర ప్రజలలో అత్యధికుల భాషకు ఆ సభలో చోటు లేకపోయింది. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు సమావేశమై ఆంధ్రజన సంఘానికి రూపుకల్పన చేశారు. ఆ సంఘమే పెరిగి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరుపుకొనే స్థాయికి చేరింది. ఫలితం ఘనమైనదే. అయితే గేలికి గురైన ప్రతి తొలిమాటకూ అంతటి అదృష్టం పట్టదు. ఒక్క వెంకటరామారావు మాట నిలిచింది. నలుగురు నవ్వడంతో గొంతులోనే ఆగిపోయిన మాటలు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చేవారు లేరు.

అవమానానికి బదులు చెప్పే తీరుకు కూడా ఆ తరంవారే నిదర్శనం చూపారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న వ్యాఖ్య ఒకటి వెలువడినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి నిందకు నిందతో సమాధానం ఇవ్వలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఆక్షేపణకు ఆధారంతో సమాధానం చెప్పడం వాదానికి ఉత్తమోదాహరణ. కోపంతో రాసిన ప్రత్యుత్తరం ఏనాడో మరుగున పడేది. ఆ సంచిక సాహిత్య చరిత్రలో భాగమైంది.

సభలో అధికారం ఉన్నవారికి మరొక పరీక్ష ఉంది. పాలీ గ్రంథం మిలిందపఞ్హలో యవన రాజు మిలిందుడు తనతో చర్చించవలసిందిగా నాగసేన భిక్షువును కోరుతాడు. పండితుడిలా చర్చిస్తే సరే, రాజులా చర్చిస్తే కుదరదని భిక్షువు సమాధానం. ఆ తేడాను కూడా ఆయనే విడమరిచాడు. పండితుల చర్చలో చిక్కుముడులు పడతాయి, విప్పుకుంటాయి, ఒకరి తప్పును మరొకరు చూపుతారు, ఒప్పుకొంటారు, ఎవరికీ కోపం రాదు. రాజులు ఒక మాట అంటారు. దానితో ఏకీభవించనివాణ్ణి దండించమంటారు. మిలిందుడు పండితుడిలాగే చర్చిస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట వల్లనే ఒక గ్రంథం మనకు దక్కింది. అధ్యక్ష స్థానంలో, కార్యాలయంలో, సంపాదక పీఠంలో కూర్చున్న ప్రతివారూ ఏదో ఒక రోజు ఈ షరతును ఎదుర్కోక తప్పదు. ఎదుటివాడు చిన్న ఉద్యోగి అయినా, నిన్న చేరిన సభ్యుడైనా షరతు మారదు.

తెలుగు గ్రంథాలయోద్యమం చేసిన మహోపకారాలలో ఒకటి ఈ గడపను తగ్గించడం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిశాయి. ఇవి పుస్తకాలను భద్రపరచిన బీరువాలు మాత్రమే కావు. పఠనమందిరంలో బల్లకు అటూ ఇటూ కూర్చొని ఒకే పత్రికను పంచుకొని చదివిన ఇద్దరి మధ్య మాట సహజంగానే మొదలవుతుంది. వార్త మీద ఒకరు వ్యాఖ్యానిస్తారు, మరొకరు తల ఊపుతారు లేదా కాదంటారు. పెద్ద సభలో లేవడానికి కావలసిన ధైర్యం అటువంటి చిన్న బల్లల దగ్గరే పోగవుతుంది.

పాతవారు చేయవలసిన పని నిజానికి చాలా స్వల్పం. కొత్తవాడి పేరు అడిగి తెలుసుకోవడం, తెలిసిన ప్రశ్ననే అడిగినా ఒకసారి ఓపికగా చెప్పడం, ఆ ప్రశ్నకు ఇదివరకు వచ్చిన సమాధానం ఎక్కడ దొరుకుతుందో చూపడం, తప్పు దిద్దవలసివస్తే మాటను దిద్ది మనిషిని విడిచిపెట్టడం. ఈ నాలుగూ జరిగినచోట వెనుక వరుస కుర్చీలు మెల్లగా ముందుకు జరుగుతాయి. కొంతకాలానికి ఆ యువకుడే పాతవాడవుతాడు. తలుపు దగ్గర కూర్చున్న మరొకణ్ణి చూసి, తనకు ఎవరు ఎలా చోటిచ్చారో గుర్తు తెచ్చుకొని, ఏమైనా అడగదలచారా అని అతడు పలకరిస్తే, ఆ సభకు మరొక తరం ఆయుర్దాయం పెరిగినట్టే.